ఆదివారం పొద్దుటి పందెం

పరిగెత్తేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. దొంగను తరుముతూ పరిగెత్తితే అర్థముంది. బస్సు వెళ్లిపోతుంటే పరిగెత్తినా అర్థముంది. ఎవరూ తరమకుండా, ఎక్కడికీ చేరకుండా, బయల్దేరిన గుమ్మానికే తిరిగొచ్చి, ఊరికేదో ఉపకారం చేసొచ్చినట్టు మొహం పెట్టడమేమిటి? ఆ మొహం నాకు బాగా తెలుసు. పెళ్లయిన దగ్గర్నుంచీ అది మా వంటింట్లో ఫ్రిజ్‌కి ఆనుకుని చెమట కారుస్తూ, పిల్లల పళ్లెంలో నేను కోసిపెట్టిన కీరదోస ముక్కలు తినేస్తూనే ఉంది.

ఆ మొహం పేరు ఎస్బెన్. నా మొగుడు.

మంగళవారం, గురువారం సాయంత్రాలు క్లబ్బుతో పరుగు. ఆదివారం పొద్దున సరస్సు చుట్టూ పెద్ద పరుగు. దాని తర్వాత పెద్ద స్నానం, ఆపైన సోఫాలో పడుకుని కాళ్లు గోడకెత్తి పెద్ద విశ్రాంతి. ఈ మూడు పెద్ద పనులూ అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది. ఈలోగా బేకరీకి వెళ్లి బన్నులు తేవడం, గుడ్లు ఉడకబెట్టడం, మా పెద్దది గెర్డా చిక్కుల జుట్టుతో కుస్తీ పట్టడం, చిన్నాడు విగ్గో ఒలకబోసిన పాలు తుడవడం లాంటి చిన్న పనులు నావి. వారమంతా కళ్లద్దాల దుకాణంలో నిలబడి ఊళ్లో జనం ముక్కుల మీద ఫ్రేములు సర్దుతాను. ఆదివారం ఇంట్లో నిలబడతాను. ఎక్కడైనా నిలబడ్డమే.

మార్చి నెలలో ఒకరోజు విగ్గో తన పెడళ్లు లేని సైకిలేసుకుని మా వీధి వాలులో జారిపోయాడు. వాడికి నాలుగేళ్లు. వాలు కింద పెద్ద రోడ్డు. నేను చేతిలో సంచులు పడేసి పరిగెత్తాను. పది గజాలు పరిగెత్తానో లేదో ఊపిరి అందలేదు, కాళ్లు సీసపు ముద్దలయ్యాయి. వాలు కింద కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన చెయ్యి చాపి వాడి కోటు టోపీ పట్టి ఆపాడు. నేను ఆయాసపడుతూ చేరేసరికి కుక్క విగ్గో మొహం నాకుతోంది, వాడు పకపకా నవ్వుతున్నాడు. ఆయనకు దండం పెట్టాలో, కాళ్లు పట్టుకోవాలో తెలియక కూలబడి ఏడ్చాను. అంత భయం నా జన్మలో ఎరగను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎస్బెన్‌తో చెప్పాను. కనీసం అయ్యో అంటాడనుకున్నాను.

"నీకు కండిషన్ లేదు సిసెల్. ఎప్పట్నుంచో చెప్తున్నాగా, రెగ్యులర్‌గా పరిగెత్తమని" అన్నాడు, రై రొట్టె మీద లివర్ ముద్ద పూసుకుంటూ.

"ఎప్పుడు పరిగెత్తను? నాకు టైమెక్కడుంది?"

"టైము లేదనేది సాకు. అందరికీ అవే ఇరవై నాలుగు గంటలు. ప్లాన్ చేసుకోవడంలోనే ఉంది తేడా."

అరికాలి మంట నెత్తికెక్కింది. పీట కింద పడ్డ బఠాణీలు ఏరుతున్నాను అప్పుడు. బఠాణీలు అక్కడే వదిలేసి లేచాను.

"సరే, ప్లాన్ చేద్దాం. ఆదివారం పొద్దున నాకివ్వు. పిల్లల్ని నువ్వు చూసుకో, నేను పరిగెత్తుతాను."

ఎస్బెన్ నవ్వాడు. అది చెడ్డ నవ్వు కాదు. అలాంటిదైతే ఒక చెంబు విసిరి ఊరుకునేదాన్ని. చంటిపిల్ల విమానం నడుపుతానన్నప్పుడు నవ్వే నవ్వు.

"రెండు వారాల్లో మానేస్తావ్. ఆ మాత్రానికి నా లాంగ్ రన్ పాడుచెయ్యడమెందుకు? ఒక పని చెయ్. ఆగస్టులో బడి తల్లిదండ్రులకి క్లాసుల రిలే ఉందిగా. మన గెర్డా క్లాసు, 2బి జట్టులో ఒకరు తక్కువ. ఒక చుట్టు నువ్వు పరిగెత్తు. ఎక్కడా నడవకూడదు, ఒక్క అడుగు కూడా. పరిగెత్తావంటే ఆదివారాలు నీవి."

"అన్ని ఆదివారాలూనా?"

"అన్నీ" అన్నాడు ఉదారంగా. ఇవ్వాల్సిన అవసరం రాదని నమ్మకమున్నవాడి ఉదారత అది.

ఆ విధంగా నేను అసహ్యించుకునే జాతిలో నేనూ చేరాను.

మొదట బూట్ల దుకాణం. అక్కడి కుర్రాడు నన్నొక కదిలే పట్టా మీద పరిగెత్తించి, వెనక నుంచి నా మడమల్ని వీడియో తీసి, తెర మీద మెల్లగా తిప్పి చూపించి, పెద్ద జబ్బు చెప్పే డాక్టరులా గొంతు తగ్గించాడు. "మీ పాదం లోపలికి వాలుతోందండీ."

"ముప్పై తొమ్మిదేళ్లొచ్చి ఇద్దర్ని కన్నాక వాలనిదేదైనా కనబడితే చెప్పు బాబూ" అన్నాను. వాడు నవ్వలేదు. ఆ మతంలో నవ్వు నిషిద్ధం.

ఆ మతానికి గెర్డా క్లాసులో పూజారిణి పెర్నిలె. తల్లిదండ్రుల ప్రతినిధి కూడా ఆవిడే. కవల పిల్లల్ని మూడు చక్రాల బండిలో తోసుకుంటూ పరిగెత్తుతుంది. పరుగు తనకు ధ్యానమట, తనతో తాను గడిపే సమయమట. ఇద్దరు పిల్లలు బండిలో ఒకరి జుట్టొకరు పీక్కుంటుంటే తనతో తాను ఎలా గడుపుతుందో ఆ దేవుడికే తెలియాలి. నేను మొదలుపెట్టానని తెలిసిన దగ్గర్నుంచీ బడి గేటు దగ్గర కనిపించినప్పుడల్లా నా భుజం నొక్కడం మొదలెట్టింది. "భలే దానివే సిసెల్! నీ ఒంటి మాట విను, అదే నీకన్నీ చెప్తుంది!"

నా ఒళ్లు ఒకే మాట చెప్పేది. ఇంటికి పోయి పడుకోమని.

మొదటి రోజు మా వీధి చివర ఖాళీ సీసాలు పడేసే తొట్టి దాకా వెళ్లి, దాన్ని పట్టుకుని నిలబడ్డాను. రెండో వారానికి తొట్టి దాటాను. పొద్దున్నే, పిల్లలు లేవకముందు. వీధిలో పురుగు కూడా ఉండేది కాదు. కూడలి దగ్గర సిగ్నల్లో ఎర్ర బొమ్మ వెలుగుతుంటే ఆగేదాన్ని. నాలుగు దిక్కులా ఒక్క కారు లేదు, అవతలి గట్టున ఇంకొకడు నాలాగే ఆగి, ఉన్నచోటే గెంతుతూ ఉండేవాడు. ఇద్దరు పెద్దమనుషులం ఖాళీ రోడ్డుకి అటూ ఇటూ నిలబడి బొమ్మ పచ్చబడేదాకా ఎదురుచూసేవాళ్లం. పచ్చబడ్డాక పలకరించుకోకుండా ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. వెర్రితనంలో కూడా మాకు క్రమశిక్షణ ఉంటుంది.

పొద్దున కుదరని రోజు ఎక్కడ చీలిక దొరికితే అక్కడ దూరాను. గెర్డా ఈత క్లాసులో ఉన్నంతసేపూ ఈతకొలను భవనం చుట్టూ తిరిగాను. లోపల అద్దాల గోడ వెనక మిగతా తల్లిదండ్రులు కాఫీ తాగుతూ కూర్చునేవాళ్లు. నేను అద్దం ముందు నుంచి పోయిన ప్రతిసారీ కప్పులెత్తి ఉత్సాహపరిచేవాళ్లు. ప్రదక్షిణలు చేసేదానికి ప్రసాదం కూడా పెట్టని భక్తులు. విగ్గోని బాలబడిలో దింపి, ముందు పిల్లలు కూర్చునే పెట్టె ఉన్న సైకిలు అక్కడే తాళం వేసి, దుకాణం దాకా పరిగెత్తాను. చెమట చేతులతో ఒక పెద్దావిడ ముక్కు మీద ఫ్రేము పెడితే అది జారి ఆవిడ ఒళ్లో పడింది.

ఎస్బెన్ సాయం చెయ్యకపోలేదు. కిటికీలోంచి చూసి సలహాలిచ్చాడు. "మడమ మీద పడుతున్నావ్. చేతులు మరీ ఊపుతున్నావ్. దాన్ని పరుగనరు సిసెల్, కంగారు నడక అంటారు." ఆ మాటన్న రోజు సీసాల తొట్టి నుంచి సరస్సు గట్టు దాకా ఆగకుండా పోయాను. నాకు ధ్యానం, గీనం ఏమీ కలగలేదు. ఒట్టి కోపం. కోపానికి ఇంత ఊపిరి ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

ఆగస్టు ఆఖరి శనివారం. సరస్సు పక్కన అడవిలో రిలే. ఒక్కో క్లాసు నుంచి నలుగురు తల్లిదండ్రులు, ఒక్కొక్కరూ ఒక చుట్టు. పొద్దున్నుంచీ వాన. మా జట్టుకి నాయకుడు ఎస్బెన్, వేరే చెప్పాలా. వారం ముందే క్లాసు తల్లిదండ్రులందరికీ మెసేజి పెట్టాడు. కర్ర చేతులు మార్చుకునే గీత దగ్గర ఎప్పుడు నిలబడాలి, ఏం తినాలి, ఏం తినకూడదు. చివర్లో ఒక ప్రత్యేక సూచన: పోయినేడు ఫిర్యాదులొచ్చాయి కాబట్టి పెద్దలు గానీ, పిల్లలు గానీ, ఎంత అవసరమైనా సరే, చెట్ల చాటుకి పాస్‌కి వెళ్లరాదు. నీలం టాయిలెట్ గదులు పెట్టించాం, అవే వాడాలి. దాని కింద ఇరవై మంది బొటనవేళ్లెత్తారు.

మొదటి చుట్టు పెర్నిలె, రెండోది ఒక పళ్ల డాక్టరు, మూడోది నేను. ఆఖరి చుట్టు ఎస్బెన్‌ది. వెనకబడితే ఆఖర్న వచ్చి జట్టుని కాపాడే వీరుడి స్థానమది. ఇన్నేళ్లూ ఇలాంటి పందేల్లో పిల్లల్ని పట్టుకుని గట్టున నిలబడింది నేనే. ఈసారి నేను పరిగెత్తే ఆ ఒక్క చుట్టూ వాళ్లు ఎస్బెన్ దగ్గరుండాలి.

"విగ్గోకి ముందే ఒకసారి..." అని నోరు తెరిచాను.

"నువ్వెళ్లవే బాబూ. నా పిల్లల్ని ఒక్క అరగంట చూసుకోవడం కూడా రాదా నాకు?"

మిగతా మాట మింగేశాను. ఆ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే.

పళ్ల డాక్టరు మొదటి స్థానాల్లో వచ్చి కర్ర నా చేతిలో పెట్టాడు. కాసేపట్లోనే నా ఒక్కదాని పుణ్యాన ఆ స్థానాలన్నీ పోయాయి. నన్ను దాటనివాళ్లు లేరు. బొద్దుగా ఉన్న ఒక తాతగారు దాటారు. కుక్కతో పరిగెత్తుతున్న ఒకావిడ దాటింది, ఆవిడకి ముందు కుక్క దాటింది. బురద మోకాళ్ల దాకా చిందింది. పడవల షెడ్డు దాటాక ఎత్తు వస్తుంది, అక్కడ నా కంటే పొడుగు కాళ్లవాళ్లు చాలామంది నడుస్తూ కనిపించారు. నేను నడవలేదు. నా పరుగుని చూసి ఒక పిల్లాడు "ఆంటీ నడుస్తోంది" అన్నాడు. వాడికేం తెలుసు, నా రెండు కాళ్లూ ఒకేసారి నేలని వదులుతున్నాయో లేదో నేను గమనించుకుంటూనే ఉన్నాను.

మైదానంలోకి వచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అయిపోయింది, గెలిచేశాను, ఆదివారాలు నావి. కర్ర చాపుకుని గీత దగ్గరికి వచ్చాను.

గీత మీద ఎవరూ లేరు.

"ఎస్బెన్!" అని అరిచాను.

గుడారం కింద పెర్నిలె వైన్ గ్లాసుతో లేచి నిలబడింది. "ఇందాక ఇక్కడే ఉన్నాడే! నేను పరిగెత్తుదును గానీ సిసెల్, ఇది రెండో గ్లాసు!"

అప్పుడు కనిపించాడు. మైదానం అవతల నీలం గదుల ముందు పాములా మెలికలు తిరిగిన క్యూ. దాని నట్టనడుమ క్లబ్బు పసుప్పచ్చ చొక్కా. ఒక చేత్తో ఒంటికాలి మీద గెంతుతున్న విగ్గోని పట్టుకున్నాడు. ఇంకో చేత్తో గెర్డా సాసేజ్ పట్టుకున్నాడు, దాని పచ్చ సాసు మోచేతి దాకా కారుతోంది. గెర్డా ఊడిన బూటు లేసు చూపిస్తూ ఏదో అంటోంది. ఎస్బెన్ నన్ను చూశాడు. సాసేజ్ ఉన్న చెయ్యే ఎత్తి ఊపాడు. వస్తున్నా, వస్తున్నా అని.

రాలేడు. పిల్లాణ్ణి వదిలి రాలేడు. క్యూ తోసుకుని ముందుకి పోలేడు, అంతకంటే బట్టలిప్పుకుని నిలబడ్డం నయం మావాళ్లకి. రెండడుగుల దూరంలో అడవికి అడవే ఉంది, ఎన్ని చెట్లు కావాలంటే అన్ని చెట్లు. కానీ ముందూ వెనకా నిలబడ్డవాళ్లంతా 2బి తల్లిదండ్రులే. బొటనవేళ్లెత్తినవాళ్లే. ఇన్నేళ్లూ నేను నిలబడిన చోట నా మొగుడు మొట్టమొదటిసారి నిలబడ్డాడు.

నాకు నవ్వు రాలేదు. వస్తుందనుకున్నాను గానీ రాలేదు. జాలి కూడా వెయ్యలేదు. ఆ క్యూని చూస్తే నేను పోగొట్టుకున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

"గీత మీద నిలబడకమ్మా" అంది పసుపు కోటు తొడుక్కున్న పెద్దావిడ, అక్కడ కాపలా ఆవిడే. "వెనక జట్లొస్తున్నాయి. పక్కకి తప్పుకుంటావా, ముందుకి పోతావా, ఏదో ఒకటి తేల్చు."

ముందుకి పోయాను.

ఆ రెండో చుట్టు గురించి చెప్పడానికి ఏమీ లేదు. చాలా చెడ్డగా ఉంది. పొట్ట పక్కన పోటు, కంట్లో వాన, కాళ్ల స్థానంలో ఎవరివో దుంగలు. పడవల షెడ్డు దాటాక ఎత్తు దగ్గర ముందూ వెనకా ఎవరూ లేరు, అందరూ ఎప్పుడో పోయారు. నాలుగడుగులు నడిస్తే ఎవడు చూస్తాడు? కానీ ఎస్బెన్ అడుగుతాడు. అబద్ధమాడితే నా కనురెప్పలు టపటపా కొట్టుకుంటాయి, ఆ సంగతి అతనికి పెళ్లికి ముందు నుంచే తెలుసు. ఆ మనిషికి ఆ ఒక్క సందు కూడా ఇవ్వదలచుకోలేదు. వాలులో జారిపోతున్న సైకిలూ, అందని కోటు టోపీ కళ్ల ముందు పెట్టుకుని ఎత్తెక్కాను. పైకి చేరాక గట్టిగా ఒక బూతు తిట్టాను. ఎవరినో నాకే తెలియదు, బహుశా చెట్లని.

నేను చేరేసరికి గుడారాలు విప్పుతున్నారు. ఎస్బెన్ గీత దగ్గరే ఉన్నాడు, మొహం కందగడ్డలా పెట్టుకుని. విగ్గో కాళ్లకి ప్యాంటు లేదు, నాన్న జాకెట్టు చీరలా చుట్టి ఉంది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు. "ఒకే మనిషి రెండు చుట్లు పరిగెత్తకూడదు! మన జట్టుని తీసేశారు! రెండు నిమిషాలు ఆగలేకపోయావా?"

నేను మోకాళ్ల మీద చేతులాన్చి ఊపిరి పీల్చుకున్నాను. "నువ్వెక్కడున్నావ్?"

"నేనెక్కడుంటాను! వీడికి సరిగ్గా అప్పుడే పాస్ వచ్చింది. లైను కదలదు. దీనికి సాసేజ్ కావాలంది, కొనిచ్చాక వద్దంది. తీరా లోపలికెళ్తే ఆ వాన ప్యాంటు బకిల్ ఊడి చావదు. అంతా అయిపోయింది. నేనేం చెయ్యను చెప్పు, నాకు టైమెక్కడుంది?"

చుట్టూ 2బి మొత్తం నిలబడి ఉంది. నేను నిటారుగా నిలబడ్డాను. ఈ మాట నిదానంగా అనాలనుకున్నాను, అందుకే ఊపిరి అందేదాకా ఆగాను.

"టైము లేదనేది సాకు ఎస్బెన్. అందరికీ అవే ఇరవై నాలుగు గంటలు. ప్లాన్ చేసుకోవడంలోనే ఉంది తేడా."

పెర్నిలె ముక్కులోంచి వైన్ వచ్చింది. ఆ ఒక్క క్షణం ఆవిడ మీద నాకు నిజంగా ప్రేమ కలిగింది. కాపలా పెద్దావిడ మాత్రం నవ్వు దాచుకోడానికి తన పసుపు కోటు బొత్తాలు పెట్టుకుంది, అవి అప్పటికే పెట్టి ఉన్నాయి.

ఎస్బెన్ తేరుకున్నాడు. అతని తెలివి ఎప్పుడూ ఆలస్యంగానే పరుగు మొదలెడుతుంది. "జట్టే లెక్కలో లేనప్పుడు మన పందెం కూడా చెల్లదు" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా.

గెర్డాకీ వినబడింది. ఎనిమిదేళ్ల పిల్లకి వినబడనిదేముంటుంది. "పందెం జట్టు గురించి కాదుగా నాన్నా! అమ్మ నడవకూడదనేగా అన్నావ్" అంది, మైదానమంతా వినబడేలా. "అమ్మా, నడిచావా?"

"లేదు."

ఎస్బెన్ నా కళ్లలోకి చూశాడు. నేనూ చూశాను. వాన చుక్కలు కంట్లో పడుతున్నా రెప్ప వెయ్యలేదు. అతనే ముందు తల దించుకుని, విగ్గో చుట్టూ జాకెట్టు బిగించి కట్టాడు.

మర్నాడు ఆదివారం. మంచం దిగడానికే చాలాసేపు పట్టింది, మెట్లు వెనక్కి తిరిగి దిగాను. వంటింట్లో ఎస్బెన్ క్లబ్బు చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నీ కాళ్లు ఎలాగూ కదలవు కదా సిసెల్" అన్నాడు, నా మీద దయతో. "ఈ ఒక్క వారానికి నేను..."

"బన్నులు త్వరగా అయిపోతాయి, ఇప్పుడే వెళ్లు. విగ్గోని తీసుకెళ్లు. బకిల్ కింద నుంచి నొక్కాలి, పైనుంచి కాదు."

బూట్లు తొడుక్కుని బయటపడ్డాను. ఫోను బల్ల మీదే వదిలేశాను. కిటికీలోంచి చూస్తాడని తెలుసు, అందుకని సీసాల తొట్టి దాకా పళ్లు బిగబట్టి పరిగెత్తాను. తొట్టి దాటి మలుపు తిరిగాక నడిచాను. సరస్సు చుట్టూ మొత్తం నడిచాను, హాయిగా, మెల్లగా, చేతులు మరీ ఊపుతూ. ఒకరిద్దరు పరిగెత్తేవాళ్లు ఎదురొచ్చి, తోటి భక్తురాలనుకుని తల ఊపారు. వాళ్లని చూస్తే ఎప్పటిలాగే ఒళ్లుమండింది. అయినా వచ్చే ఆదివారం ఈ ఎత్తు కొంచెం వేగంగా ఎక్కొచ్చేమో అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది.

ఎవరూ తరమలేదు. ఎక్కడికీ చేరలేదు. బయల్దేరిన గుమ్మానికే తిరిగొచ్చాను.

లోపల గుడ్లు పగిలి నీళ్లలో తేలుతున్నాయి. నేల మీద పాలు. గెర్డా తల పిచ్చుక గూడులా ఉంది. ఎస్బెన్ చేతిలో గుడ్డ పట్టుకుని నాకేసి చూశాడు, ఇప్పుడైనా అందుకుంటుందేమోనని. నేను ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి, పిల్లల పళ్లెంలోంచి ఒక కీరదోస ముక్క తీసి నోట్లో వేసుకున్నాను.

ముక్కలు మరీ లావుగా కోశాడు. ఆ మాటే చెప్పాను.